మా సంఘపు ఆడిటరుగారు



ఈ పత్రికలో ప్రతి నెలా ఎవరో ఒక దైవసేవకుని గూర్చియో మిషనరీని గూర్చియో మనము చదువుతూ ఉంటాము. ఈసారి నేను వ్రాయబోయేది ప్రసంగపీఠము ఎన్నడూ ఎక్కని ఒక మనిషిని గూర్చి. ఆయన పేరు వ్రాయడము లేదు. పేరు అచ్చులో వేయవద్దని ఆయన భార్యగారు నన్ను కోరారు. పేరు వ్రాసినా మా సంఘములో సగము మందికి ఎవరో తెలియకపోవచ్చును. చిన్నవారికీ పెద్దవారికీ ఆయన ఆడిటరుగారే. సండేస్కూలు పిల్లలకు ఆడిటరు తాతగారు. 2023 మార్చి నెలలో, తన 78వ ఏట, ఆయన ప్రభువునందు నిద్రించారు.

నేను ఆ పాస్టరేటుకు 2012లో వెళ్ళాను. కృష్ణా డెల్టాలో ఒక చిన్న ఊరు అది. వేదాంత డిప్లొమాలో నాకు చాలా సంగతులు నేర్పారు గాని క్యాషు పుస్తకము చదవడము ఎవరూ నేర్పలేదు. మొదటి ఆదివారము ఆరాధన ముగియగానే కానుకల సంచి తీసుకొని వెస్ట్రీ గదిలోనికి వెళ్ళి తలుపు వేసుకొన్నాను. నా పాత సంఘములో అదే అలవాటు. వెంటనే ఎవరో తలుపు తట్టారు. తెరిస్తే సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో రెండు రంగు పెన్సిళ్ళు పెట్టుకొన్న ఒక ముసలాయన.

“అయ్యగారూ, తమరు ఒక్కరే లెక్కపెట్టకండి. నేనైనా ఒక్కణ్ణే లెక్కపెట్టను. ఇద్దరము కూర్చుందాము.”

నాకు మనస్సు చివుక్కుమన్నది. వచ్చిన మొదటి దినముననే నన్ను అనుమానించారని తలంచాను. మరుసటి ఆదివారము రాజులు రెండవ గ్రంథము పన్నెండవ అధ్యాయము తెరిచి ఆయన ముందు పెట్టాను. మందిరము బాగుచేయించినవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదని అక్కడ పదిహేనవ వచనములో ఉన్నది. ఆయన కళ్ళజోడు సవరించుకొని ఐదు వచనాలు పైకి వెళ్ళారు. పెట్టెలో పడిన డబ్బును రాజుగారి లేఖికుడు, ప్రధానయాజకుడు ఇద్దరూ కలిసి లెక్కించిన సంగతి అక్కడ ఉన్నది.

“వాళ్ళను అడగలేదు అయ్యగారూ, నిజమే. యాజకుణ్ణి మాత్రము ఒంటరిగా వదలలేదు గదా” అన్నారు. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

మా పరిచయము అలా మొదలైంది.

ఆడిటరు అంటే మన పల్లెలలో పన్ను తగ్గించిపెట్టే మనిషి అని చాలామంది తలంపు. ఆయన వద్దకు వచ్చే రైసుమిల్లువారు, ఎరువుల దుకాణాలవారు కూడా అలాగే తలంచేవారు. ఆయన నాకు చెప్పిన అర్థము వేరు. డబ్బు చేతిలో పట్టుకొని ఖర్చు చేసేవాడు ఒకడు. వాణ్ణి నమ్మి డబ్బు ఇచ్చినవాడు మరొకడు. ఈ రెండవవాడు పుస్తకాలు చూడలేడు, చూసినా అర్థము కాదు. వాడి తరపున చూసిపెట్టేవాడే ఆడిటరు. అయితే ఆడిటరుకు ఫీజు ఇచ్చేది మాత్రము మొదటివాడు. “చిక్కంతా అక్కడే ఉన్నది అయ్యగారూ” అనేవారు.

మన దేశములో 1949లో చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టము వచ్చినది. ఆ సంవత్సరము జూలై 1న వారి ఇన్‌స్టిట్యూటు ఏర్పడినది. ఆయన అప్పటికి నాలుగేళ్ళ పిల్లవాడు. తండ్రి దివి తాలూకాలో ఉపదేశి, మిషను బడిలో పంతులు. తల్లి చిన్నతనములోనే పోతే సముద్రము దగ్గర ఒక పల్లెలో ఉన్న మేనత్త పెంచింది. మచిలీపట్నములో కొంత, విజయవాడలో కొంత చదువుకొని, గవర్నరుపేటలో ఒక పెద్ద ఆడిటరు దగ్గర ఆర్టికల్స్ చేశారు. ఫైనలు పరీక్ష రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కారు. తప్పిన రెండుసార్లూ మేనత్త కోళ్ళు అమ్మి ఫీజు కట్టిందట. ఈ సంగతి ఆయన చెప్పలేదు, ఆయన భార్యగారు చెప్పారు. ఆయన తన గూర్చి చెప్పుకొనేవారు కారు.

1973లో వివాహమైంది. అబ్బాయి, ఆ తరువాత అమ్మాయి. సొంత ఆఫీసు పెట్టుకొన్నారు. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక గుమాస్తా.

1977 నవంబరు 19, శనివారము. దివిసీమవారికి ఆ తేదీ గూర్చి చెప్పనక్కరలేదు. తుపాను గాలితో పాటు సముద్రము లేచి ఊళ్ళ మీద పడింది. పదివేల మందికి పైగా పోయారని అంచనా. కొన్ని పల్లెలలో ఇల్లన్నది మిగలలేదు. ఆడిటరుగారు కబురు తెలిసి బయలుదేరి, బస్సు వెళ్ళినంత దూరము బస్సులోను, తరువాత బురదలో నడిచి మేనత్త ఊరు చేరారు. ఊరు లేదు. తుమ్మకంపలకు చిక్కుకొన్న శవాలను మూడు రోజులు తిప్పి చూశారట. మేనత్త దొరకలేదు. విజయవాడ తిరిగి వచ్చి స్నానము చేసి, భార్య పెట్టిన అన్నము ముందు కూర్చొని, తినకుండా లేచిపోయారట.

ఆ తరువాత దేశ విదేశములనుండి సహాయము వచ్చినది. ఎంతోమంది మంచివారు, ఎన్నో సంఘాలు నిజముగా పనిచేసినారు. ఆ పనిని తక్కువ చేయడము నా ఉద్దేశము కాదు. నేను చెప్పేది ఒక్క సంస్థను గూర్చి. దాని పేరు నాకు తెలియదు. ఆమె చెప్పలేదు, నేను అడుగలేదు.

1979లో ఆ సంస్థవారు తమ పంపిణీ లెక్కలు ఆడిట్ చేయమని ఈయన వద్దకు తెచ్చారు. విరాళములు ఇచ్చినవారికి ఆడిటరు సంతకముతో లెక్క పంపాలి. ఆయన చిన్న ఆఫీసుకు అంత పని రావడము అదే మొదటిసారి. అల్యూమినియం గిన్నెలు, చీరలు, దుప్పట్లు ఎవరెవరికి ఇచ్చినదీ పల్లెవారీగా జాబితాలు. పేరు, భర్త పేరు, ఎదురుగా నీలి సిరా వేలిముద్ర. ఒక జాబితాలో పదకొండవ పేరు ఆయన మేనత్తది. తేదీ 1978 ఫిబ్రవరి. ప్రక్కన వేలిముద్ర.

ఆయన ఆ కాగితము తీసుకొని మరల ఆ పల్లెకు వెళ్ళారు. మిగిలినవారిని కూర్చోబెట్టి అరవై పేర్లు ఒక్కొక్కటిగా చదివారు. ఇరవై మూడు పేర్లు ఉప్పెనలో పోయినవారివి.

సంస్థవారిని అడిగితే వారు బొంకలేదని ఆమె నాతో చెప్పారు. గుమాస్తా పాత ఓటర్ల జాబితా చూసి పేర్లు ఎక్కించాడు, వస్తువులు మాత్రము ఎవరో బీదలకే చేరాయి అన్నారు. అయితే ఆ బీదల పేర్లు వ్రాయించండి, సంతకము పెడతాను అన్నారు ఈయన. వారు వ్రాయించలేకపోయారు. ఫీజు పెంచుతామన్నారు. తమకు తెలిసిన మరి మూడు సంస్థల ఆడిట్ కూడా ఇప్పిస్తామన్నారు. చివరికి ఒక పెద్ద విశ్వాసియే ఇంటికి వచ్చి, “తమ్ముడూ, నీ సంతకము ఆలస్యమైతే అక్కడ అనాథ పిల్లలకు అన్నము ఆగిపోతుంది” అన్నాడు. ఆమె తలుపు వెనుకనుండి ఆ మాట విన్నారు. ఆమె చంకలో మూడేళ్ళ అమ్మాయి ఉన్నది.

ఆయన సంతకము పెట్టలేదు. ఫైళ్ళు తీసుకుపోయి వేరొకరికి ఇచ్చారు.

వారి వృత్తిలో ఒక నియమమున్నది. ఒక ఆడిటరు చేసిన స్థానములోనికి మరొకరు వచ్చేటప్పుడు, కొత్తవాడు పాతవాడికి ముందుగా ఉత్తరము వ్రాయాలి. అలాగే రిజిస్టరు పోస్టులో ఉత్తరము వచ్చినది. ఈయన జవాబు వ్రాశారు. ఆ జవాబు కార్బను నకలు భూస్థాపన అయిన తరువాత ఆమె ఇనుప పెట్టెలోనుండి తీసి నాకు చూపారు. ఒక్క పేజీ. కోపము లేదు, వాక్యములు లేవు. తాను ఎందుకు సంతకము పెట్టలేదో నాలుగు వరుసలు, క్రింద ఇరవై మూడు పేర్లు. పదకొండవ పేరును ఇక్కడ ఆరవదిగా వ్రాశారు. ఆమె తన మేనత్త అని ఎక్కడా చెప్పలేదు.

కొత్త ఆడిటరు సంతకము పెట్టాడు. ఆ సంస్థ మీద ఏ విచారణా జరిగినట్లు ఆమె వినలేదు.

ఈయనకు మాత్రము ఆ సంవత్సరము ఐదుగురు పార్టీలు తగ్గిపోయారు. “ఆయన దగ్గరకు వెళితే పని కాదు” అన్న మాట బెజవాడ అంతా పాకింది. గుమాస్తాను మానిపించారు. ఆమె కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టారు. తన తల్లి ఇచ్చిన నాలుగు గాజులు అమ్మారు. మన సంఘములవారే కొందరు ఆయనను చూసి పలుకరించడము మానివేశారు. సుమారు ఐదేళ్ళు అలా గడిచాయి. 1984లో చట్టము మార్చి, అమ్మకాలు 40 లక్షలు దాటిన వ్యాపారులకు ట్యాక్సు ఆడిట్ తప్పనిసరి చేసిన తరువాత గాని ఆయన ఆఫీసుకు మరల జనము రాలేదు.

నేను ఆమెను అడిగాను. ఒక పాస్టరుగా అడగవలసిన ప్రశ్న కాదేమో గాని అడిగాను. “అమ్మా, మీకు ఆయన మీద కోపము రాలేదా?”

“రాకపోవడమేమిటండీ అయ్యగారూ. ఇప్పటికీ ఉంది. ఆ గాజులు మా అమ్మవి. పిల్లకు పాలు లేని రోజులున్నాయి. నన్ను ఒక్కమాట అడిగి చేసి ఉంటే నేనూ వద్దనే చెప్పేదాన్ని, ఆ సంతకము పెట్టవద్దనే. అడగలేదు. అదీ నా కోపము.”

ఆయన కూడా ఆ సంగతి తరువాత గ్రహించారట. ఆనాటినుండి ప్రతి రాత్రి ప్రార్థన అయ్యాక ఆఫీసులో జరిగినది ఆమెకు చెప్పేవారు. ఇంటి లెక్కల పుస్తకము ఆమె చేతికి ఇచ్చివేశారు. ఆమె చదివినది ఎనిమిదవ తరగతి. ఆవర్జా వ్రాయడము, బ్యాంకు పాసుపుస్తకముతో సరిచూడడము ఆయనే నేర్పారు. 1980నుండి వరుసగా ఆ ఇంటి పుస్తకాలన్నీ ఉన్నాయి, అన్నీ ఆమె చేతివ్రాతే. సంవత్సరము చివర ఆయన పేజీ క్రింద ఎర్ర పెన్సిలుతో ఒక టిక్కు పెట్టేవారు, అంతే.

పిల్లల విషయములో కొంత అతి చేశారని నా అభిప్రాయము. పిప్పరమెంటుకు ఇచ్చిన పది పైసలకు కూడా లెక్క చెప్పవలసి వచ్చేదని ఆయన కుమారుడు సమాధుల దొడ్డిలోనే నవ్వుతూ, ఏడుస్తూ చెప్పాడు. ఆ కుమారుడు ఆడిటరు కాలేదు, లెక్కల మొహము చూడనని వ్యవసాయ శాఖలో ఉద్యోగము చూసుకొన్నాడు. ఆయన దానికి ఎన్నడూ అడ్డు చెప్పలేదు.

అమ్మాయి సంగతి చెప్పాలి. ఆమెకు మాటలు ఆలస్యముగా వచ్చాయి. బడిలో చదువు ఎక్కలేదు. ఇప్పటికీ ఏడెనిమిదేళ్ళ పిల్లవలెనే ఉంటుంది. బంధువులు ఏదైనా హాస్టలులో చేర్పించమన్నారు. ఆయన ఆమెను పదిహేనవ ఏటనుండి తనతో ఆఫీసుకు తీసుకువెళ్ళడము మొదలుపెట్టారు. ఒక చిన్న బల్ల, సిరా ప్యాడు, రబ్బరు ముద్ర ఆమెకు అప్పగించారు. ఆయన సంతకము పెడతారు, ఆమె ప్రక్కన ముద్ర వేస్తుంది. ముద్ర వంకరగా పడితే ఆయన ఏమీ అనేవారు కారు. ఆ జిల్లాలో వంకర ముద్ర ఉంటే అది ఆడిటరుగారి రిపోర్టేనని ఇన్‌కంటాక్సు ఆఫీసులో గుమాస్తాలు గుర్తుపట్టేవారట. వయసు మళ్ళిన తరువాత విజయవాడ వదలి భార్య పుట్టిన ఊరు అయిన మా ఊరికి వచ్చి, ఇంటి ముందుగదిలోనే కొద్దిపాటి పని చూసుకొంటున్నప్పుడు కూడా ఆ అమ్మాయి బల్ల ఆయన బల్ల ప్రక్కనే ఉండేది.

మా సంఘములో ఆయన కోశాధికారి. తాను ఆడిటరై ఉండి సంఘపు లెక్కలను ఆడిట్ చేసేవారు కారు. ఊరినుండి వేరే ఆడిటరును పిలిపించి, కమిటీచేత ఫీజు ఇప్పించేవారు. “మన ఆడిటరుగారు ఉండగా దండుగ ఖర్చు ఎందుకు?” అని కమిటీలో ప్రతి సంవత్సరము గొడవ. “నేను వ్రాసిన లెక్క నేనే సరిచూస్తే అది ఆడిట్ ఎలా అవుతుంది?” అని ప్రతి సంవత్సరము అదే జవాబు. 2019లో ఆడిటరు ఇచ్చే సర్టిఫికెట్లకూ రిపోర్టులకూ ఇన్‌స్టిట్యూటునుండి పద్దెనిమిది అంకెల నంబరు తీసుకోవాలని నియమము వచ్చినప్పుడు ఆయన ఎంత సంతోషించారో చెప్పలేను. దొంగ సంతకముతో కాగితము పుట్టించడము ఇక కష్టమని, ఆ నంబరు కొట్టి ఎవరైనా సరిచూసుకోవచ్చునని కమిటీవారందరికీ విడివిడిగా వివరించారు. వారికి ఎంత అర్థమైందో దేవునికే తెలియాలి.

ఆయన ఎక్కువ సమయము కూర్చొనేది మాత్రము బియ్యము లెక్క వద్ద. మా స్త్రీల సమాజమువారు వంటకు ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యము తీసి ప్రక్కన పెడతారు. ఆదివారము ఆ మూటలు తెస్తారు. ఇదివరకు అవన్నీ ఒక గోనెలో పోసి ఎవరో తీసుకుపోయి అమ్మేవారు. ఆడిటరుగారు కాటా తెప్పించి, వారి ఎదుటనే తూయించి, కిలోలు, ధర, వచ్చిన డబ్బు బిగ్గరగా చదివించేవారు. కూలికి పోయే ఒక ముసలమ్మ, “బాబూ, నా పిడికెడు కూడా అందులో ఉన్నట్టేనా?” అని అడిగితే, “ఉన్నదమ్మా, ఇదిగో, ఈ అంకెలో ఉన్నది” అని పుస్తకము ఆమె వైపు త్రిప్పి చూపారు. ఆమెకు చదువు రాదు. అయినా వంగి చూసింది.

ఇప్పుడు నా సంగతి. దాచడానికి లేదు, ఆ పుస్తకములో వ్రాసి ఉన్నది.

2014 కోత పండుగనాడు గుమ్మడికాయలు, అరటి గెలలు, కోడిపుంజులు వేలము పాడగా మంచి మొత్తము వచ్చినది. ఆ రాత్రి నా చిన్న బిడ్డకు జ్వరము ఎక్కువై, ప్లేట్‌లెట్లు పడిపోయాయని విజయవాడ తీసుకువెళ్ళమన్నారు. చేతిలో డబ్బు లేదు. ఎవరినీ లేపకుండా బీరువాలోని పండుగ డబ్బులోనుండి రెండు వేలు తీసుకొన్నాను. మరునాడు ఫోనులో ఆడిటరుగారికి చెప్పాను. మొదట, “బిడ్డ ఎలా ఉన్నది?” అని అడిగారు. ఐదవ రోజున డబ్బు తిరిగి కట్టాను. అంతటితో అయిపోయినదనుకొన్నాను.

సర్వసభ్య సమావేశములో లెక్క చదివారు. “పాస్టరుగారి చేబదులు, రెండు వేలు. తిరిగి జమ, రెండు వేలు.” తేదీలతో సహా. రెండు వందలమంది ఎదుట. నా భార్య తల వంచుకొన్నది. మందిరములో కప్పు కూలి నా మీద పడినా బాగుండుననిపించింది. రెండు నెలలు నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఆయన ఇంటి మీదుగా వెళ్ళవలసి వస్తే చెరువు గట్టు చుట్టి వెళ్ళేవాడిని.

మరుసటి వేసవిలో డయాసిస్ ఆఫీసుకు సంతకము లేని ఉత్తరము ఒకటి వెళ్ళినది. పాస్టరు కోత పండుగ డబ్బు తిన్నాడని అందులో ఉన్నది. ఇద్దరు పెద్దలు విచారణకు వచ్చారు. ఆడిటరుగారు పుస్తకము తెరిచి ఆ పేజీ చూపారు. తీసుకొన్న తేదీ, కారణము, కట్టిన తేదీ, రసీదు నంబరు, సర్వసభ్య సమావేశములో చదివిన తేదీ. వచ్చినవారు టీ త్రాగి వెళ్ళిపోయారు. పది నిమిషాలు పట్టలేదు.

ఆ సాయంకాలము నేను ఆయన ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకొని వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చొని అమ్మాయికి జడ వేస్తున్నారు. భార్యగారికి మోకాళ్ళ నొప్పులు మొదలైనప్పటినుండి అది ఆయన పనే. “రండి అయ్యగారూ, కూర్చోండి. ఈ రిబ్బను కొంచెము పట్టుకోండి” అన్నారు. నేను పట్టుకొన్నాను. కూర్చుకొన్న మాటలు చెప్పనేలేదు.

ఆయన పోయినది ఒక బుధవారము తెల్లవారుజామున. అంతకుముందు ఆదివారపు కానుకల లెక్క పుస్తకములో ఉన్నది. నిల్వ అంకె పెన్సిలుతో వ్రాసి ఉన్నది. లెక్కించిన ఇద్దరూ సంతకము పెట్టిన తరువాతనే దాని మీద సిరాతో వ్రాయడము ఆయన పద్ధతి. ఇద్దరిలో ఒకరు ఆ వారము సంతకము పెట్టకుండా పొలము పనిమీద వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఆ అంకె పెన్సిలులోనే ఉన్నది.

తాను పోయిన దినముననే తన ముద్రను పనికిరాకుండా చేయమని ఆయన ముందుగానే చెప్పి ఉంచారట. ఆయన వద్ద పని నేర్చుకొన్న ఒక కుర్రవాడు, ఇప్పుడు తానూ ఆడిటరు, శవపేటిక ఇంకా ఇంట్లో ఉండగానే బ్లేడు తీసుకొని రబ్బరు చెక్కివేశాడు. అమ్మాయి అది చూసి, అప్పటివరకు ఏడవనిది, పెద్దగా ఏడ్చింది. నాన్న పోయాడన్నది ఆమెకు అప్పుడే తెలిసినట్లున్నది. ఎవరు ఎత్తుకొని ఓదార్చినా ఊరుకోలేదు.

మరుసటి ఆదివారము ఆమె తల్లితో మందిరమునకు వచ్చి, లెక్కించే బల్ల దగ్గర తండ్రి కూర్చొనే చోట ప్రక్కన నిలుచున్నది. నాకు ఏమి చేయాలో తోచక వెస్ట్రీలోనుండి సంఘపు రసీదు పుస్తకము, సిరా ప్యాడు, మందిరము ముద్ర తెచ్చి ఆమె ముందు పెట్టాను. కొత్త కోశాధికారి రసీదు వ్రాసి సంతకము పెట్టాడు. నేను రెండవ సంతకము పెట్టాను. ఆమె కాగితము తన వైపు త్రిప్పుకొని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకొని, ముద్ర వేసింది. వంకరగా పడింది.